గొడుగు డైలాగు

తెర పక్కన స్టూలు మీద కూర్చుని డైలాగులు అందించీ అందించీ నా గొంతు ఎప్పుడో అరిగిపోయింది. ఆ రోజు ఆడుతున్నది హాస్యనాటిక. ఉద్యోగం ఊడిన మొగుడు పెళ్ళానికి చెప్పకుండా రోజూ ఆఫీసుకని బయల్దేరుతుంటాడు. వేసినవాళ్ళు నిజంగానే మొగుడూ పెళ్ళాలు. అతనికి పగలు ఆఫీసు, సాయంత్రం నాటకాలు.

చివరి సీనులో ఆమె నిలదీయాలి, అతను ఇంకో అబద్ధం ఆడాలి. "ఇవాళ ఆఫీసులో ఊపిరాడలేదే" అని అందించాను. అతను అందుకోలేదు. మళ్ళీ అందించాను.

"ఉద్యోగం పోయి మూడు నెలలైందే" అన్నాడు, నేల చూపులు చూస్తూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ అబద్ధం మీదే కదా నాటకం నిలబడింది! కంగారుగా పేజీలు తిప్పాను.

ఆమె అతని దగ్గరికొచ్చి నిలబడింది.

"నాకు తెలుసండీ. రోజంతా ఏసీలో కూర్చునే మనిషి మెడ ఇలా కమిలిపోతుందా? రేపట్నించి గొడుగైనా పట్టుకెళ్ళండి."

హాలంతా ఒకటే నవ్వులు, ఈలలు. ఇంక చేసేదేం లేక తెర దించేశాం.

"గొడుగు డైలాగు భలే పేలింది! రేపటి ఆటలోనూ ఉంచేద్దాం" అన్నాడు డైరెక్టరు.

ఇద్దరికీ నాలుగు చివాట్లు పెడదామని స్క్రిప్టు పట్టుకుని మేకప్ గదికి వెళ్ళాను. ఆమె గుడ్డకి నూనె అద్ది అతని మొహం తుడుస్తోంది. మొహం మీది రంగంతా గుడ్డకి అంటుకుని వచ్చేసింది.

మెడ మీది నలుపు మాత్రం ఎంత తుడిచినా వదల్లేదు.