పలక మీద కూర్చున్న మనిషి

మొదటి ఉరుము ఎక్కడో దూరంగా, పక్కింట్లో ఇనప బీరువా జరిపినట్టు వినిపించింది.

కంచె అవతల నిలబడ్డ ముసలాయన పెదవులు కదలడం ఆగింది.

"ఇరవై అయిదు," అన్నాడు. "మెరిశాక ముప్పై లెక్కపెట్టేలోపు ఉరిమితే ఆట ఆపాల్సిందే బాబూ."

బంతి కోసం వంగి నిలబడ్డ అంపైరు వినిపించుకోలేదు.

వారమంతా ఆయన దర్జీ. రోజూ సూదిలో దారం ఎక్కించే కళ్లు కదా, బంతి అంగుళం పక్కకు పోయినా పట్టేస్తాడని పేటవాళ్లు రెండేళ్ల క్రితం ఆయన ముఖానికి మాస్కు తగిలించారు. అప్పటినుంచీ బేస్‌బాల్ ఓనమాలు తెలియనివాళ్లు కూడా ఆదివారం మధ్యాహ్నం మైదానానికొచ్చి, ఆయన్ని నాలుగు తిట్టి, తేలికపడి ఇళ్లకు పోతుంటారు. అంపైరు ఉన్నదే అందుకు మరి.

ముసలాయన మాత్రం తిట్టడు. సలహాలిస్తాడు.

"మాస్కు ఎడమ చేత్తో తియ్యి బాబూ. తీర్పు చెప్పే కుడిచెయ్యి ఖాళీగా ఉండాలి."

"బంతి గ్లవ్‌లో పడగానే అరవకు. ఒక్క ఊపిరి పీల్చుకుని అప్పుడు చెప్పు. తొందరపడ్డ నోటిని వెనక్కి తీసుకోలేం."

ఏమాటకామాటే చెప్పుకోవాలి, అవన్నీ పనికొచ్చాయి. అయినా ఆయన్ని ఎవరూ లెక్కచేయరు. గేటు పక్కన ఒక నల్లరాయి ఉంది. ఎప్పుడో ఈ మైదానంలోనే పిడుగుపాటుకు పోయిన పదమూడేళ్ల పిల్లాడి పేరు దాని మీద చెక్కారు. ముసలాయన వచ్చినప్పుడల్లా దాని ముందు కాసేపు నిలబడతాడు.

"తండ్రి కాబోలు. పాపం, మతి చెడినట్టుంది," అనుకుని జనం తప్పుకుంటారు.

ఆ రోజు పిల్లల ఫైనల్. అంపైరు అక్క కూతురు అటు చివర, ఇనప దీపస్తంభం దగ్గర కాపు కాస్తోంది. ఆ పిల్ల జట్టు ఒక్క పరుగు ముందుంది. ఐదు ఇన్నింగ్స్ అయిపోయాయి. ఇప్పుడు వానకు ఆట ఆపితే ముందున్న జట్టుకే కప్పు. అదీ అసలు తంటా.

రెండోసారి మెరిసింది. కాసేపటికి ఉరిమింది.

"పద్దెనిమిది. ఆపు నాయనా."

అంపైరు మాస్కు ఎత్తాడు, ఎడమ చేత్తోనే.

"ఇప్పుడాపితే కప్పు మా పిల్లకే పోతుంది పెద్దాయనా. జనం నన్ను బతకనిస్తారా?"

జనం అప్పటికే మొదలెట్టారు.

"ఏం మేనమామా, చినుకు పడకముందే గొడుగు తెరుస్తున్నావ్?"

"కంచే చేను మేస్తోందర్రోయ్!"

అంపైరు చెవులు ఎర్రబడ్డాయి. మాస్కు దించేశాడు.

"ఆడండి!"

గాలి ఠక్కున ఆగిపోయింది. స్తంభం మీద వాలిన కాకులన్నీ ఒక్కసారే లేచిపోయాయి.

మూడో మెరుపు.

"పదకొండు," అన్నాడు ముసలాయన.

అటు చివర నుంచి మేనకోడలు కిలకిలా నవ్వింది.

"మామయ్యా, నా జుట్టు చూడు! దానంతటదే లేచి నిలబడుతోంది!"

పిల్లలంతా నవ్వారు. ముసలాయన నవ్వలేదు. గేటు వైపు పరుగెత్తాడు. రోజుకు పది మాటలకు మించి మాట్లాడని కాపలాదారు, అడక్కుండానే గేటు తీశాడు.

ముసలాయన సరాసరి వచ్చి, బ్యాటు పట్టినవాడి కాళ్ల ముందుండే తెల్ల పలక మీద చతికిలపడ్డాడు.

"బయటి మనిషి అడ్డొస్తే ఆట ఆగినట్టే కదా బాబూ. నువ్వాపలేదు, నేనాపాను. నీకు మాట రాదు."

జనం గొల్లుమన్నారు. వెనకబడ్డ జట్టు పిల్లల తండ్రులిద్దరు ఉరికొచ్చి ఆయన రెక్కలు పట్టుకున్నారు. చొక్కా భుజం దగ్గర పర్రున చిరిగింది.

"లే పెద్దాయనా! నా పరువు తీస్తున్నావ్!" అంపైరు కూడా ఒక గుంజు గుంజాడు.

"పిల్లల్ని సామాన్ల గదిలోకి పంపు. పంపితేనే లేస్తా."

"సరే, పొండర్రా! అందరూ సామాన్ల గదిలోకి పొండి! ఈయన సంగతి తేలాక ఆడుదురుగాని!"

పిల్లలు ఇటుకల గదిలోకి పరుగెత్తారు. ఆఖరున మేనకోడలు గడప దాటింది. అప్పుడు లేచాడు ముసలాయన. ఆ తండ్రులిద్దరూ ఆయన్ని ఈడ్చుకుపోయి గేటు బయటికి నెట్టారు.

ఈసారి లెక్కపెట్టడానికి ఒక్క అంకె కూడా మిగల్లేదు.

మైదానమంతా తెల్లబడింది. చెవులు దిమ్మెక్కాయి. కళ్లు తెరిచి చూస్తే స్తంభం మొదట్లో, ఆ పిల్ల ఇందాక నిలబడ్డ చోట, గడ్డి చాపంత మేర నల్లగా మాడి పొగలు కక్కుతోంది.

వాన మొదలైంది.

పలక మీద, అంపైర్లు బంతులు లెక్కపెట్టుకునే చిన్న కౌంటరు పడి ఉంది. అంపైరు దాన్ని తీసుకున్నాడు. తీరా చూస్తే తన కౌంటరు తన ఎడమ చేతిలోనే ఉంది. దీని మీది అంకెలు అరిగిపోయి ఉన్నాయి.

గేటు దగ్గరికి పరుగెత్తాడు. వీధి ఖాళీగా ఉంది. కాపలాదారు ఒక్కడే తడుస్తూ నల్లరాయి పక్కన నిలబడ్డాడు.

"ఏడీ ఆయన?"

"వెళ్లిపోయాడు. ఇక రాడట."

"చొక్కా కూడా చింపేశాం. కడుపుకోత పడ్డ తండ్రి అంతగా చెబుతుంటే వినలేదు నేను..."

కాపలాదారు రాతి మీది పేరును అరచేత్తో మెల్లగా తుడిచాడు.

"తండ్రిని నేను," అన్నాడు. "ఆ రోజు ఆట ఆపని అంపైరు ఆయన."