కండల తమ్ముడు

"మీ కిడ్నీ పనికిరాదేమో విజయ్ పాల్ గారూ," అన్నాడు రాజమండ్రి డాక్టరు, రిపోర్టు మీంచి తలెత్తకుండానే.

పక్క కుర్చీలో ఉన్న ఆశాజ్యోతి తమ్ముడి మొహం చూసింది. కిడ్నీ కావలసింది ఆవిడకే. తనవి రెండూ పాడైపోయాయి. ఒళ్ళు డయాలసిస్‌కి తట్టుకోవడం లేదని, కిడ్నీ మార్చకపోతే ఏడాది గడవడం కష్టమని డాక్టరు ఎప్పుడో చెప్పేశాడు. ఇవ్వడానికి రక్తసంబంధం అంటూ మిగిలింది తమ్ముడొక్కడే.

విజయ్ పాల్ నరసాపురంలో డ్రిల్లు మాస్టారు. బరువులెత్తే పోటీల్లో చుట్టుపక్కల అంతా ఎరిగిన మనిషి. అలాంటివాడి రక్తంలో, కిడ్నీ వడగట్టి ఒకటి చుట్టూ ఉంచాల్సిన క్రియాటినిన్ ఒకటిన్నర దాటిందట. ఎవరు నమ్ముతారు?

అప్పుడు డాక్టరు చూపు అతని జబ్బల మీద పడింది. పొడులేమైనా వాడుతున్నారా అని అడిగాడు. క్రియాటిన్ అండి, రోజూ ఓ చెంచా అన్నాడు విజయ్ పాల్. అదీ సంగతి! ఆ పొడి కండలోకి వెళ్ళి, అక్కడ వాడుకయ్యాక క్రియాటినిన్‌గా మారి రక్తంలోకి వస్తుందని, కిడ్నీ బాగున్నా అంకె ఎక్కువ చూపిస్తుందని డాక్టరు అక్కాతమ్ముళ్ళిద్దరికీ విడమర్చి చెప్పాడు. నెల్లాళ్ళు పొడి మానాలి. మాంసం మానాలి. బరువులు ముట్టకూడదు. అంకె దిగితే ఆపరేషన్. దిగకపోతే మాత్రం అది పొడి తప్పు కాదు, కిడ్నీదే తప్పు.

ఇంటికి రాగానే విజయ్ పాల్ పొడి డబ్బా తెచ్చి అక్క చేతిలో పెట్టి, నువ్వే పారెయ్యక్కా అన్నాడు.

అతని భార్య బేబికి ఈ దానం మొదట్నుంచీ ఇష్టం లేదు. కడుపులో దాచుకునే మనిషీ కాదు. పరీక్షల మాట ఎత్తిన రోజే, పసిపిల్లల్ని పెట్టుకుని, ఒంటి కిడ్నీతో రేపు మీకేమైనా అయితే మా గతేంటని వదిన ముందే మొగుణ్ణి నిలదీసింది. ఆశాజ్యోతి మాత్రం తక్కువ తిన్నదా? నాకొద్దురా బాబూ, నీ ఒళ్ళు కోయించి నేను ఏ మొహంతో బతకను అని పోట్లాడింది. మరి తల్లి పోతే చంకనేసుకుని పెంచింది వాణ్ణి. లేసు అల్లీ అల్లీ చూపు మందగించినా, తన పెళ్ళి మాట ఎవర్నీ ఎత్తనివ్వకుండా చదివించింది.

విజయ్ పాల్ వింటేనా! మొండిఘటం. "నువ్వు పోయాక ఈ కండలు నాకెందుకే?" అన్నాడు. అని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక ఆ నెల ఇంట్లో మళ్ళీ గొడవ లేదు. ఆడవాళ్ళిద్దరూ చల్లబడ్డారు. తమ్ముడి కిడ్నీలకి మంచిదని ఆశాజ్యోతి ఓపిక చేసుకుని రోజూ పొద్దున్నే అరటి దూట దంచి రసం తీసేది. బేబి బార్లీ నీళ్ళు కాచేది. చర్చిలో పాస్టరు గారు ఆదివారం ఆదివారం ప్రార్థన చేయించారు. విజయ్ పాల్ చేప కూడా ముట్టలేదు. గోదారి ఒడ్డున పుట్టి, పులసల రోజుల్లో చేప ముట్టకపోవడమంటే మాటలా?

నెల తిరిగింది. అంకె దిగలేదు సరికదా, ఇంకాస్త పెరిగింది.

నిజంగా మానేశారా అని డాక్టరు ఒకటికి రెండుసార్లు అడిగాడు. పిల్లల మీద ఒట్టేశాడు విజయ్ పాల్. అయితే కిడ్నీదే తప్పు, ఇలాంటి మనిషి దగ్గర తీసుకుంటే ఇద్దరి ప్రాణాలూ పోతాయని డాక్టరు ఫైలు మూసేశాడు. బస్సులో దారి పొడుగునా ఆశాజ్యోతే తమ్ముడి వీపు నిమురుతూ వచ్చింది.

క్రిస్మస్ రాకముందే ఆవిడ పోయింది.

ఊరి నోటికి మూత ఉంటుందా? సమాధుల తోటలోనే మొదలుపెట్టారు. నెల్లాళ్ళు మాంసమూ బరువులూ మానినవాడికి కండ ఇసుమంతైనా తగ్గలేదేమని ఒకరు. ఒక డబ్బా పారేస్తే కొట్లో ఇంకోటి దొరకదా అని ఇంకొకరు. వీడికి అక్క కంటే పోటీల్లో కప్పు ఎక్కువైందని మేనమామ శ్యాంబాబు మొహం మీదే అనేశాడు.

తన కిడ్నీలు కూడా పోతే పిల్లలేమైపోతారోనని బెంగపట్టుకుంది అతనికి. మళ్ళీ రాజమండ్రి వెళ్ళి పరీక్ష చేయించుకున్నాడు. అంకె చక్కగా ఒకటికి దిగి ఉంది. డాక్టరు అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఇప్పుడు మానేశారన్నమాట," అన్నాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటు. ఆ మాట ఎలా పాకిందో ఊళ్ళోకి పాకిపోయింది. శ్యాంబాబు గుమ్మం తొక్కనివ్వలేదు. చర్చిలో అతని పక్కన కూర్చునేవాళ్ళు లేరు. పగవాడికి కూడా వద్దు ఆ బతుకు.

ఓ సాయంత్రం బేబి చెయ్యి పట్టుకున్నాడు.

"నేను ముట్టుకోలేదే. ఊరు నమ్మకపోతే పోనీ. నువ్వు నమ్ముతావా?"

"నమ్ముతానండి," అంది బేబి, తలెత్తకుండా.

పొడి మానిన ఆ నెల మొదట్లోనే ఓ పొద్దున, ఆశాజ్యోతి పారెయ్యమన్న ఆ డబ్బాలోంచి చెంచాడు పొడి తీసి తమ్ముడి దూట రసంలో కలుపుతుంటే బేబి వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది, వదినా మరదళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఆ రోజు నుంచీ గ్లాసు తీసుకెళ్ళి మొగుడి చేతికిచ్చింది బేబే.