సాక్ష్యం చెప్పిన బండి

పాడైన బండి తన వారంటీ కోసం తానే సాక్ష్యం చెప్పుకునే కాలమది. పెళ్లయిన నెలకే ఈశ్వర్ కొత్త బండి మోటారు మారేడుమిల్లి ఘాటులో ఆగిపోయింది. బండి స్పీకర్లోంచి కంపెనీ గొంతు కారణం అడిగింది.

“పెళ్లి ఊరేగింపులో నలుగురు పట్టే నాలో పదకొండు మంది ఎక్కారండి,” అంది బండి.

“అయితే వారంటీ చెల్లదు.”

ఈశ్వర్ ముఖం వాడిపోయింది. కొండ ఊళ్లకు సరుకులు చేర్చడమే అతని బతుకుతెరువు.

పక్క సీట్లో ఉన్న కొత్త పెళ్లాం నీలవేణి ఊరుకోలేదు. “అప్పుడు మోటారు తిరిగిందా? అదీ చెప్పవే.”

“లేదండి. డప్పుల నడకకు సరిపోవాలని ఆపేసి, మీ బాబాయిలే తోశారు.”

కంపెనీ ఒప్పుకుంది. “కొత్త మోటారు రేపు డ్రోన్‌లో వస్తుంది. అంతవరకు బండి దగ్గరే ఉండండి.”

తొమ్మిదిమంది ఉన్న అత్తారింట్లో మొగుడితో నాలుగు మాటలకు నోచుకోని నీలవేణి పులిహోర డబ్బా మూత తీసింది.

“ఏవండీ, తొందరేం లేదు, ఎల్లుండి పంపమనండి.”