చూపుబొట్టు

మరదలి పనితనాన్ని మింగేసి నేను పెద్దమేస్త్రి అయ్యానని ఎదురింటి భ్రమరాంబ పాలకేంద్రం దగ్గర అందట. విన్నవాళ్ళే పనిగట్టుకుని వచ్చి చెప్పారు. అందులో అబద్ధం లేదు.

మా నర్సరీలో ఇప్పుడు ఆడవాళ్ళందరికీ చూపుబొట్టు ఇస్తారు. నుదుట అంటించుకుంటే కళ్ళముందు జరిగే పనంతా పైవాళ్ళకు కనిపిస్తుంది. ఆడవాళ్ళు ఎంత చేసినా ఎవరి కంటా పడటం లేదని దీన్ని తెచ్చారు. కనపడినవాళ్ళకే పై ఉద్యోగం.

మా మరదలు సుభాషిణి మాత్రం పెట్టుకోదు. తమ్ముడు పోయి మూడేళ్ళయింది. రోజూ నా ఎదురుగా కూర్చుని మామిడి అంట్లు కడుతుంది. వందకి తొంభై అయిదు చిగురేస్తాయి. నావి సగం ఎండిపోతాయి. అందుకే నేర్చుకుందామని ఆమె చేతులే చూస్తూ కూర్చునేదాన్ని. బొట్టు ఆ చేతులు నావే అనుకుంది. నేను కాదనలేదు.

నన్ను పెద్దమేస్త్రిని చేస్తూ ఉత్తర్వు వచ్చిన రోజు మధ్యాహ్నం క్యారేజీ విప్పి, ఆమెకు ఇష్టమైన పనసపొట్టు కూర గిన్నె ముందుకు తోశాను. ఆమె అంటుకత్తి తుడుచుకుంటోంది, గిన్నె వైపు చూడలేదు.

"తప్పంతా నాదేనంటావా సుభా? నువ్వూ పెట్టుకోవాల్సింది. మొగుడున్నాడా లేడా అని ఈ రోజుల్లో ఎవరు చూస్తున్నారే?"

షెడ్డులో అందరి బొట్లూ మా వైపు తిరిగాయి.

"పదో రోజున దగ్గరుండి నా బొట్టు తుడిపించింది నువ్వే గదా వదినా."