పన్నెండున్నర నాణేలు

"ముందుగా ఎక్స్ అనుకోండి," అన్నారు లెక్కల మాస్టారు, సుద్దముక్క ఝళిపిస్తూ.

"గుడ్లెందుకు సార్? సంచిలో ఉన్నవి నాణేలు కదా?" అన్నాడు చివరి బెంచీ పెద్దాయన.

ఎక్స్ ఆయన చెవిలో ఎగ్స్‌గా పొదిగింది. క్లాసు గొల్లుమంది.

ఇలాంటిది చేతికి చిక్కితే ఊరుకోవడం మాస్టారికి చేతకాదు. "పెద్దాయనా, ఇది లెక్కల క్లాసు, ఆమ్లెట్ల క్లాసు కాదు!" అన్నారు.

ఆ సాయంత్రం నుంచి ఆయన పేరు గుడ్లాయన.

పగలు పనులకు పోయేవాళ్లకు చదువు చెప్పి సర్టిఫికెట్ ఇచ్చే సాయంకాలపు బడి అది. గుడ్లాయనది బస్సు డిపోలో చిల్లర గది. కండక్టర్లు తెచ్చిన సంచులు విప్పి, నాణేలు రకాలవారీగా వేరుచేసి, లెక్క రాసి సంతకం పెట్టడం ఇరవై ఆరేళ్లుగా ఆయన పని.

"నెలాఖరుకి మెషీన్ వస్తోంది సార్," అన్నాడు ఒకసారి, అందరూ వెళ్లాక. "సర్టిఫికెట్ ఉన్నవాళ్లని దాని దగ్గర కూర్చోబెడతారట. లేనివాళ్లని ఇంట్లో కూర్చోబెడతారట. మా ఇంటావిడ మందులు డిపో కార్డు మీదే వస్తాయి."

"అయితే ఎక్స్‌ని గట్టిగా పట్టుకోండి. వదిలారో, ఎక్స్‌పైరీ అయిపోతారు!"

ఎక్స్ గుడ్లయిన ఆ సాయంత్రం బోర్డు మీద లెక్క చిన్నదే. సంచిలో ఒకట్లూ ఐదులూ కలిపి ముప్ఫై నాణేలు. విలువ ఎనభై రెండు. ఐదులెన్ని?

ఐదులు ఎక్స్ అయితే, ఒకట్లు ముప్ఫై మైనస్ ఎక్స్. మాస్టారు ఇంకా ఇక్కడే ఉండగా, చివరి బెంచీ నుంచి "పదమూడు" అని వినిపించింది.

"ఎలా వచ్చింది?"

"అన్నీ ఒకట్లే అనుకున్నాను సార్. ముప్ఫై అవుతుంది. ఇంకా యాభై రెండు కావాలి. ఒక ఒకటి తీసి ఐదు పెడితే నాలుగు పెరుగుతుంది. పదమూడుసార్లు మార్చాలి."

"మీరు నాణేలు మారుస్తారేమో, నేను పద్ధతి మార్చను. మొదటి వరుసలో 'ఎక్స్ అనుకొనుము'. చివరి వరుసలో జవాబు, దాని కింద రెండు గీతలు. మధ్యలో మీరేం వండుకున్నా నాకనవసరం!"

హాస్యానికి అన్నా, అది నిజమే. దిద్దేటప్పుడు మాస్టారు చూసేవి ఆ రెండు వరుసలే.

పరీక్షలో అదే లెక్క వచ్చింది. అరగంట గడిచాక గుడ్లాయన లేచి, మాస్టారి టేబుల్ దగ్గరికొచ్చి, వంగి, గొంతు తగ్గించాడు.

"సార్, ఈ సంచి..."

"సంచి జాగ్రత్త, గుడ్లు పగులుతాయి! వెళ్లి కూర్చోండి."

హాలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. వెళ్లి కూర్చుని, కాగితం వైపు చాలాసేపు చూశాడు.

నలభై కాగితాలు దిద్దారు మాస్టారు. ముప్ఫై తొమ్మిదింట్లో పదమూడు, కింద రెండు గీతలు. గుడ్లాయన చివరి వరుస మాత్రం వేరు: "ఇలాంటి సంచి ఉండదు. వెనక చూడండి." దాని కిందా రెండు గీతలే.

"నాతోనే పరాచికాలా!"

ఊరందరితో పరాచికాలాడే మాస్టారికి ఒళ్లు మండింది. ఐదు మార్కుల లెక్కకు కోడిగుడ్డంత సున్నా చుట్టారు. పాసవ్వాలంటే ముప్ఫై అయిదు. గుడ్లాయనకు వచ్చినవి ముప్ఫై.

ఆయన గోడ మీద జాబితా చూసుకుని వచ్చి ఒక్కటే అడిగాడు. "వెనక చూశారా సార్?"

"ముందు చూసిందే చాలు లెండి."

"సరే సార్," అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

కొత్త బ్యాచ్ వచ్చింది. మాస్టారు పాత ప్రశ్నపత్రమే పంచారు. కాసేపటికి కుట్టుపని చేసే అమ్మాయి చెయ్యెత్తింది.

"మాస్టారూ, పన్నెండున్నర వస్తోంది."

"నాణెం జాకెట్టు ముక్క కాదమ్మా, సగానికి కత్తిరించడానికి. మళ్లీ చెయ్యి."

"మూడుసార్లు చేశానండీ. ఎనభైలో ముప్ఫై పోతే యాభై. నాలుగో వంతు పన్నెండున్నరే కదా?"

"ఎనభై కాదమ్మా, ఎనభై రెండు!"

"కాగితం మీద ఎనభయ్యే ఉందండీ."

మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు. ఎనభయ్యే. టైపులో రెండు కాస్తా సున్నా అయింది. మరి ముప్ఫై తొమ్మిది మందికి పదమూడెలా వచ్చింది? నోట్సులో ఉంది కాబట్టి వచ్చింది.

ఆయన గబగబా ఆఫీసు గదిలోకి వెళ్లి బీరువాలోంచి పాత కట్ట దింపారు. ఆ ఒక్క కాగితం లాగి, వెనక్కి తిప్పారు. నిలబడే చదివారు. తర్వాత డిపోకి ఫోన్ చేశారు.

"చిల్లర గదిలో ఆయనాండీ? ఇప్పుడక్కడ మెషీన్ ఉంది. ఆయన పోయిన నెలే డిపో క్వార్టర్ ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఎక్కడికో తెలీదండీ."

మాస్టారు క్లాసులోకి తిరిగొచ్చారు. ఏదో జోకు పడుతుందని అందరూ ముందే నవ్వుమొహాలు పెట్టారు. ఆయన సంచి లెక్కా, తన సున్నా, డిపో మెషీనూ, ఏదీ దాచకుండా చెప్పారు. 'గుడ్లాయన' అనే పేరు మాత్రం నోటికి రాలేదు. "ఆ పరీక్షలో తప్పింది ముప్ఫై తొమ్మిది మంది. నాతో కలిపి నలభై," అని, కాగితం వెనకవైపు పైకి చదివారు.

"సార్, పన్నెండు ఐదులుంటే డెబ్భై ఎనిమిది, పదమూడుంటే ఎనభై రెండు. ఎనభై ఎలాగూ రాదు. మీరు క్లాసులో చెప్పింది ఎనభై రెండే, ఇది టైపులో పొరపాటు. పదమూడు అని రాస్తే మార్కులు పడతాయని తెలుసు. కానీ సంచికి సరిపడని అంకె కింద ఇన్నేళ్లలో ఎప్పుడూ సంతకం పెట్టలేదు. అందరి ముందూ మీకు చిన్నతనంగా ఉంటుందని హాల్లో గట్టిగా అనలేదు."