గట్టు వెనక తడి

"ఇదేంటే?" షికారు పడవకు రంగు వేస్తున్న అన్న తలెత్తకుండానే అడిగాడు.

చెల్లెలు గాజు గ్లాసును అతని ముందు పెట్టింది. "చెరువు గట్టు వెనక ఊరుతున్న నీళ్ళు. మా వంటింటి గోడ దాకా వచ్చాయి."

"మట్టి గట్టన్నాక కాస్త చెమ్మ ఊరదా?"

"తేట నీళ్ళయితే భయం లేదు, మట్టి నీళ్ళొస్తే గట్టు లోపల కోసుకుపోతున్నట్టే అని చెప్పింది నువ్వే."

గ్లాసు అడుగున వేలెడు మందాన మట్టి పేరుకుంది. అన్న దానివైపు చూడనైనా లేదు.

"గోరంతను కొండంత చేయకు. సెలవులయ్యాక చెరువులో నీళ్ళు దించి గట్టు బాగుచేయిస్తా. ఇప్పుడు దించేసి, పడవలెక్కడానికి వచ్చేవాళ్ళకు బురద చూపించమంటావా?"

అన్న మాటంటే ఆమెకు చిన్నప్పట్నుంచీ తిరుగులేదు. ఆ గట్టు కింద ఇల్లు కట్టుకోమన్నదీ అన్నే. సరేనని లేవబోయింది.

అప్పుడే గట్టు పైన, పక్కనున్న పడవల షెడ్డు వెనక, అన్న పెంచుకుంటున్న కుక్క మొరిగింది. నిన్నటిదాకా దాని గూడు గట్టు కింద, ఆమె ఇంటి గోడను ఆనుకుని ఉండేది.

"దాన్ని పైకి ఎప్పుడు తెచ్చావు?"

"రాత్రి." అన్న చేతిలో కుంచె ఆగిపోయింది. "కింద ఉంచడమెందుకని... ఎందుకైనా మంచిదని."

ఆమె గ్లాసును చేతిలోకి తీసుకుంది.

"మా తలుపు ముందు నుంచే కదా అన్నయ్యా దాన్ని తీసుకెళ్ళావు," అంది. "ఒక్కసారి తట్టలేకపోయావా?"