మూడో రాత్రి సాగనంపు

చనిపోయినవాళ్ళను ఇంట్లోంచి సాగనంపడం ఆమె వృత్తి. దానికి మూడు రాత్రులే గడువు. లైటు ఆర్పి, వీధి తలుపు తెరిచి పొమ్మంటే అడుగులు గుమ్మం దాటుతాయి. ఆ కాసేపూ ఇంట్లోవాళ్ళు వెనక్కి పిలవకూడదు, అంతే. గడువు దాటితే పోయినవాళ్ళు ఇల్లు వదలరు, ఉన్నవాళ్ళను బతకనివ్వరు.

మొదటి రాత్రి అడుగులు గుమ్మం చేరగానే పోయినాయన భార్య ఉండబట్టలేక, "ఏమండీ, స్వెట్టర్ వేసుకోండి" అంది. రెండో రాత్రి కళ్ళజోడు మరిచిపోయారంది.

"నేను గుమ్మం దాకా తీసుకెళ్ళడం, నువ్వు వెనక్కి పిలవడం. ఆయన ఊరెళ్తున్నాడనుకున్నావా తల్లీ? ఇవాళ నీ నోరు నేనే మూస్తాను" అని విసుక్కుంది సాగనంపే ఆమె.

"మూసెయ్యక్కా. నా మీద నాకే నమ్మకం లేదు."

లైటు ఆర్పి, పక్కనే కూర్చుని, భార్య నోటి మీద అరచేయి గట్టిగా అదిమింది. "ఇక బయల్దేరు నాయనా" అంది. మంచం దగ్గర మొదలైన అడుగులు నెమ్మదిగా గది దాటి, గుమ్మం దాటాయి. బయట మెట్టు మీద చెప్పుల చప్పుడైంది. హమ్మయ్య అనుకుంది.

"ఏమండీ, గొడుగు."

భార్య గొంతే. సాగనంపే ఆమెకు ఒళ్ళు మండి తిట్టబోయింది. కానీ అరచేతి కింద పెదవులు కదలనేలేదు, ముక్కులోంచి ఊపిరి కూడా తగలడం లేదు. ఆ మాట వంటింట్లోంచి వచ్చింది.

మెట్టు మీది చెప్పులు వెనక్కి తిరిగాయి. వంటింట్లోంచి ఇంకో జత అడుగులు వాటికి ఎదురెళ్ళాయి.